సైన్సు పాఠం పక్కన ఒక ‘ఉన్నమాట’ పుస్తకం

(ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం సందర్భంగా ఆత్మకూరులో జరిగిన గిరిజన సాంస్కృతిక సభలో ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

   ముందు వరుసలో కూర్చున్న హాస్టల్ పిల్లలకు ఒక మాట. ఎండ ముదిరింది, మీకు ఆకలవుతున్నది, నాకు తెలుసు. నేను ఎక్కువసేపు మాట్లాడను.

సంఘం వాళ్లు నాకు ఇచ్చిన అంశం పేరు మాత్రం పెద్దది. విజ్ఞానశాస్త్ర బోధనలో నైతికత, పర్యావరణం, అందులో పుస్తకాల పాత్ర. పేరు విని భయపడకండి. ఒక పత్తి పువ్వు గురించి, ఒక సూదిమందు గురించి, ఒక అడవి గురించి చెప్తాను. ఒక్కోదాని పక్కన ఒక పుస్తకం పెడతాను, అంతే.

కథలు, నవలలు కాకుండా జరిగినదాన్ని జరిగినట్టు చెప్పే పుస్తకాలను ఇంగ్లీషులో నాన్ ఫిక్షన్ అంటారు. నా క్లాసులో పిల్లలు వాటికి ‘ఉన్నమాట పుస్తకాలు’ అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరే నాకు బాగుంది, ఈరోజు కూడా అదే వాడతాను.

పత్తి పువ్వు

ఇరవై ఏళ్ల కిందటి సంగతి. ఈ చుట్టుపక్కలనే ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్తున్నాను. దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన మొదటి వారం. పరాగ సంపర్కం పాఠం. నల్లబల్ల మీద పెద్ద పువ్వు గీశాను. ఇవి కేసరాలు, ఇది కీలాగ్రం, ఇది అండాశయం. సంకర విత్తనం కావాలంటే పువ్వు విచ్చకముందే కేసరాలు తీసేయాలి, దాన్ని విపుంసీకరణ అంటారు, రాసుకోండి అన్నాను.

ఆఖరి బెంచీలో ఒక అమ్మాయి లేచింది. మా పక్క తండా పిల్ల. రెండు నెలలుగా బడికి రాలేదు. ఆ రోజే వచ్చింది. పొద్దున్నే హాజరు తీసుకుంటూ అందరి ముందు దానికి చీవాట్లు పెట్టాను కూడా.

“సార్, గట్ల గీకితే మొగ్గ ఖరాబైతది. పొద్దుగూకంగ గోరుతోని చుట్టూ తిప్పి తియ్యాలె. మీద కాగితం తొడగాలె. తెల్లారినంక మగ పువ్వు తెచ్చి రుద్దాలె. పది దాటితే కాయ పట్టదు.”

క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. నా పాఠంలో లేని గడియారం కూడా దాని దగ్గర ఉంది. దగ్గరికి పిలిచి చేతులు చూశాను. బొటనవేలి గోరు అరిగిపోయింది, వేళ్ల చివర్లు పొలుసులు లేస్తున్నాయి. మందు కొట్టిన మరునాడే చేన్లోకి దిగితే తలనొప్పి వస్తుందని, వాంతి వచ్చినట్టుంటుందని చెప్పింది.

గద్వాల నడిగడ్డలో సీడు పత్తి గురించి మీకు నేను చెప్పేదేముంది. దేశంలో సంకర పత్తి విత్తనం తయారయ్యే పెద్ద కేంద్రాల్లో మన ప్రాంతం ఒకటి. 1970లో గుజరాత్‌లోని సూరత్‌లో సి.టి. పటేల్ అనే శాస్త్రవేత్త హెచ్-4 అనే పత్తిని విడుదల చేశారు. వాణిజ్యస్థాయిలో సాగైన సంకర పత్తి ప్రపంచంలో అదే మొదటిది. పువ్వు పువ్వునూ చేత్తో పట్టుకుని చేయాల్సిన పని కాబట్టి, చవకగా చేతులు దొరికే చోట మాత్రమే అది సాగింది. ఆ చేతులు ఎవరివి? మన ఆడపిల్లలవి. ఇది పాఠ్యపుస్తకంలో ఉండదు. సంకరజాతి దిగుబడి ఎక్కువ ఇస్తుంది అని ఉంటుంది. అదీ నిజమే. కానీ సగం నిజం.

ఆ వారంలోనే హైదరాబాదులో పాత పుస్తకాల దుకాణంలో రేచల్ కార్సన్ రాసిన ‘సైలెంట్ స్ప్రింగ్’ దొరికింది. 1962లో అమెరికాలో వచ్చిన పుస్తకం. రాసినామె జీవశాస్త్రవేత్త. నా ఇంగ్లీషు అంతంత మాత్రం. నిఘంటువు పక్కన పెట్టుకుని రెండు నెలలు చదివాను. రాత్రి చదివింది పొద్దున్నే తెలుగులో రెండు పేజీలు రాసుకుని పిల్లలకు చెప్పేవాణ్ని.

అందులో క్లియర్ లేక్ అనే చెరువు సంగతి ఉంది. కాలిఫోర్నియాలో ఉంది ఆ చెరువు. చేపలు పట్టేవాళ్లను చిన్న ఈగలు సతాయిస్తున్నాయని 1949లో నీళ్లలో డీడీడీ అనే మందు కలిపారు. డీడీటీకి అది తమ్ముడి వరస. చాలా కొద్దిగా కలిపారు, లెక్కవేసి కలిపారు. ఈగలు పోయాయి, మళ్లీ వచ్చాయి, మళ్లీ కలిపారు. కొన్నేళ్లకు ఆ చెరువు మీద బతికే గ్రీబ్ అనే నీటిపక్షులు గుంపులుగా చచ్చిపోయాయి. కోసి చూస్తే వాటి కొవ్వులో మందు పదిలక్షల పాళ్లకు 1,600 పాళ్లు ఉంది. నీళ్లలో పదిలక్షలకు ఒక పాలు కూడా లేదు. మరి పక్షిలోకి అంత ఎట్లా వచ్చింది? మందు నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. నాచులో కొంచెం, నాచు తిన్న పురుగులో ఇంకొంచెం, పురుగులు తిన్న చేపలో మరింత, చేపలు తిన్న పక్షిలో అంతా పోగవుతుంది. ఆహారపు గొలుసు అని మనం బల్ల మీద బాణాలు గీసి చెప్పే పాఠం ఇదే. బాణాల పాఠం మార్కులకు పనికొచ్చింది. గ్రీబ్ పక్షుల సంగతి చెప్పిన రోజు పిల్లలు ఇంటికి పోయి అమ్మానాన్నలకు చెప్పుకున్నారు.

మరునాడు ఒక పిల్లవాడు అడిగాడు. “సార్, మన జూరాల నీళ్లల్ల గూడ ఉంటదా? మా బా రోజూ చేపలు తెస్తడు.” లేదు అందామా, ఉంది అందామా? రెండూ తప్పే. కొలవకుండా చెప్పకూడదు బిడ్డా, ఎవరు కొలవాలో, ఎట్లా కొలుస్తారో తెలుసుకుందాం అన్నాను. సైన్సులో నీతి అంటే మొదట అదే. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పకపోవడం.

ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని మన సామెత. కార్సన్ పుస్తకం వచ్చాక రసాయనాల కంపెనీలు ఆమె మీద విరుచుకుపడ్డాయి. ఆమె సైంటిస్టే కాదన్నారు, మతి చలించిందన్నారు. 1963లో అధ్యక్షుడు కెన్నెడీ నియమించిన శాస్త్రవేత్తల కమిటీ ఆమె ఆందోళనలో నిజం ఉందని తేల్చింది. ఆమె అప్పటికే రొమ్ము క్యాన్సరుతో ఉన్నారు. 1964లో చనిపోయారు. అమెరికా 1972లో డీడీటీని నిషేధించింది. మన దేశంలో సేద్యానికి దాన్ని 1989లో ఆపారు, మలేరియా దోమల కోసం మాత్రం ఉంచారు. ఇది కూడా పిల్లలకు చెప్పాలి. డీడీటీ మలేరియా నుంచి లక్షల ప్రాణాలు కాపాడిన మాట నిజం. కార్సన్ కూడా మందులే వద్దనలేదు. గుడ్డిగా, విచ్చలవిడిగా చల్లడాన్ని ప్రశ్నించింది. మంచిచెడ్డలు రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. వేరుచేయడం నేర్పేదే చదువు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. దాచుకుని మీకు నీతులు చెప్తే బాగుండదు. ఆ పాఠం నడుస్తుండగానే ఒక పిల్లవాడు లేచి, “సార్, మీ అన్నోళ్ల చేన్ల గూడ క్రాసింగ్ పిల్లలే చేస్తరు గద” అన్నాడు. అది వెక్కిరింత కాదు, ఉన్నమాటే. మా అన్నకు ఎకరన్నర సీడు పత్తి ఉండేది. ఆ ఎకరన్నర కూలితో, అప్పుతోనే నేను టీచరు ట్రైనింగు చదివాను. ఆ రోజు సాయంత్రం అన్న దగ్గరికి పోయాను. “పెద్దోళ్లను పెడితే కూలి డబుల్. ఆర్గనైజరు ఇచ్చే రేటుకు నాకేం మిగుల్తది? నీ పుస్తకాలల్ల గది గూడ రాసిండ్రా?” అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మేమిద్దరం ఆ ఏడాది సరిగా మాట్లాడుకోలేదు. మరుసటి ఏడు అన్న సీడు పత్తి అరెకరానికి తగ్గించి, ఇంట్లోవాళ్లు, వరసకు పెద్దవాళ్లు మాత్రమే చేసేట్టు చూసుకున్నాడు. మిగతా ఎకరంలో కంది వేశాడు. నష్టం వచ్చిందా అంటే వచ్చింది. ఇది గెలిచిన కథ అని నేను చెప్పడం లేదు. పుస్తకం క్లాసులోకి వస్తే అది క్లాసులోనే ఆగదు, మాస్టారి ఇంటికి కూడా వస్తుందని చెప్తున్నాను. అందుకే చాలామంది మాస్టర్లు దాన్ని రానివ్వరు.

సూదిమందు

రెండో సంగతి ఇంకా దగ్గరిది. 2009 జులైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా హెచ్‌పీవీ టీకాలు వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు. సుమారు 14,000 మంది పిల్లలు. అందులో చాలామంది గిరిజన బాలికలు, ఆశ్రమ హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. కొందరు పిల్లలు చనిపోయారని తెలిసి మహిళా సంఘాలు ప్రశ్నించడంతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. విచారణ జరిపిన కమిటీ ఆ మరణాలకు టీకా కారణమని తేల్చలేదు. కానీ ఇంకోటి బయటపడింది. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది తల్లిదండ్రులు కాదు, హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు. 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి. ఆ కాగితంలో ఏముందో వేలు వేసినవాళ్లకు చదివి చెప్పిందెవరు? 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఈ వ్యవహారాన్ని గట్టిగా తప్పుపట్టింది.

ఇక్కడ హాస్టల్ పిల్లలున్నారు, వార్డెన్లున్నారు, టీచర్లున్నారు. నేను ఎవరినీ వేలెత్తి చూపడం లేదు. పైనుంచి కాగితం వస్తే సంతకం పెట్టడం మనకు అలవాటు. పిల్లల మంచికే గదా అనుకుని పెట్టినవాళ్లే ఎక్కువమంది ఉంటారు. కానీ తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు, పది మైళ్ల దూరంలో ఉన్నారు. వాళ్లను అడగాలని ఎవరికీ తోచలేదు. ఎందుకు తోచలేదు? అదే మన ప్రశ్న.

దీన్ని తొమ్మిదో తరగతికి ఎట్లా చెప్పాలో నాకు చాలా రోజులు తెలియలేదు. టీకా అంటేనే భయపడేట్టు చెప్తే అది ఇంకో పాపం. అప్పుడు నాకు రెబెకా స్క్లూట్ 2010లో రాసిన హెన్రియెట్టా లాక్స్ జీవిత కథ దొరికింది. హెన్రియెట్టా లాక్స్ పొగాకు చేన్లలో పనిచేసిన ఒక నల్లజాతి స్త్రీ. 1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరుతో చనిపోయింది. అప్పుడు ఆమె వయసు 31. చికిత్స చేస్తూ ఆమె కణితి నుంచి కొంచెం ముక్క తీశారు. ఆమెను అడగలేదు. మామూలుగా శరీరం నుంచి తీసిన కణాలు కొద్ది రోజుల్లోనే చచ్చిపోతాయి. ఆమెవి చావలేదు. గాజుపాత్రలో పెరుగుతూనే పోయాయి. వాటికి హీలా కణాలని పేరు పెట్టి ప్రపంచమంతా పంచారు. పోలియో టీకాను పరీక్షించింది వాటి మీదే. ఇంట్లోవాళ్లకు ఈ సంగతి ఇరవై ఏళ్ల దాకా తెలియదు. ఆమె కణాలతో కంపెనీలు వ్యాపారం చేశాయి. ఆమె పిల్లలకు మాత్రం ఆసుపత్రి బిల్లు కట్టే స్తోమత లేదు.

ఇప్పుడు ముడి ఎక్కడ పడిందో చూడండి. ఆ క్యాన్సరుకు వైరస్ కారణమని జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జూర్ హాసెన్ కనిపెట్టారు. ఆయనకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వైరస్‌లో 18వ రకం హెన్రియెట్టా కణాల్లో కూడా ఉంది. ఆ పరిశోధన దారిలోనే హెచ్‌పీవీ టీకా వచ్చింది. ఆ టీకానే ఖమ్మం హాస్టళ్ల దాకా వచ్చింది. అడగకుండా తీసుకున్న ఒక స్త్రీ కణాల నుంచి మొదలైన దారి, తల్లిదండ్రులను అడగకుండా పిల్లల చేతికి వేసిన సూది దాకా వచ్చింది.

కథంతా చెప్పాక పిల్లలను ఒక్కటే అడిగాను. టీకా మంచిదా, చెడ్డదా? గంటసేపు వాదించుకున్నారు. ఆఖరుకు ఒక అమ్మాయి అన్నది: “టీకా మంచిదే సార్. మంచిదైతే అడగనీకి భయమెందుకు?” ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ టీకాను ఆడపిల్లలకు వేయించమనే చెప్తుంది. మన పిల్లలకు అది అందాలి. అడిగి, వాళ్ల భాషలో చెప్పి, వేయాలి. ఆ రెండు మాటలనూ కలిపి పట్టుకోగలిగిన పిల్ల రేపు నర్సయినా, డాక్టరైనా, పంచాయతీ మెంబరైనా మన తండాకు మేలే చేస్తుంది.

అడవి

ఉద్యోగంలో ఆఖరి ఏళ్లు నేను అచ్చంపేట వైపు పనిచేశాను. 2019లో నల్లమలలో యురేనియం గొడవ అక్కడే నడిచింది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు ఆ ఏడాది మే నెలలో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. సుమారు నాలుగు వేల బోర్లు వేస్తారని అప్పుడు పత్రికల్లో వచ్చింది. ఊళ్లలో ధర్నాలు, రోడ్ల మీద బైఠాయింపులు. సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది.

క్లాసులో నేను నినాదాలు చెప్పలేదు. అది నా పని కాదు. యురేనియం అంటే ఏమిటో చెప్పాను. యురేనియం-238 సగం తరగడానికి సుమారు 450 కోట్ల ఏళ్లు పడుతుంది, అంటే భూమి వయసంత. ఖనిజం నుంచి యురేనియం తీసుకున్నాక మిగిలే బురదలో రేడియం లాంటివి ఉండిపోతాయి. మొదట ఉన్న రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం ఆ బురదలోనే ఉంటుంది. మన తెలుగు నేల మీదే కడప జిల్లా తుమ్మలపల్లిలో గని ఉంది, అక్కడి రైతులు బోరు నీళ్లు పాడయ్యాయని ఫిర్యాదు చేస్తున్నారు. రెండో వైపు కూడా చెప్పాను. అణు విద్యుత్తుకు బొగ్గు పొగ ఉండదు. మనం ఇంట్లో వేసుకునే బల్బుకు కరెంటు ఎక్కడినుంచో రావాలి. పిల్లలను రెండు జట్లు చేసి వాదించమన్నాను. మరునాడు జట్లు మార్చాను. నిన్న వద్దన్నవాడు ఇవాళ కావాలని వాదించాలి. ఎదుటివాడి వాదంలో బలం ఎక్కడుందో తెలియకపోతే మన వాదానికి కాళ్లుండవు.

అప్పుడే వాళ్లకు హైమండార్ఫ్ పుస్తకం సంగతి చెప్పాను. క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ ఆస్ట్రియా దేశస్థుడు, మానవశాస్త్రవేత్త. 1940లో నల్లమలలో చెంచుల మధ్య ఉండి, వాళ్ల బతుకు మీద 1943లో ‘ది చెంచూస్’ అనే పెద్ద పుస్తకం అచ్చువేశాడు. వాళ్లు గడ్డలు తవ్వుకోవడం, తేనె తీయడం, పెంటలు మార్చడం, పెళ్లిళ్లు, చావులు అన్నీ ఉన్నాయి. ఫొటోలున్నాయి. ఆ ఫొటోలు చూపిస్తుంటే ఒక చెంచు పిల్లవాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు. “సార్, ఈయన పుస్తకం రాసిండు. మా తాతలు చదివిండ్రా?”

చదవలేదు నాయనా. వాళ్లకు చదువు లేదు, పుస్తకం వాళ్ల భాషలో లేదు. దాదాపు ఎనభై ఏళ్ల తర్వాత మొదట చూస్తున్నవాడివి నువ్వే కావచ్చు అన్నాను. అయితే నేను చూస్తా అన్నాడు. ఇంటికి తీసుకుపోయి ఫొటోలు పెద్దవాళ్లకు చూపించి, ఏది ఇప్పటికీ ఉంది, ఏది పోయింది, ఏది తప్పు అని నోట్‌బుక్కులో రాసుకొచ్చాడు. తేనె దగ్గర ఇట్లా రాశాడు. కొండ అంచున తాడు కట్టి దిగుతారు. పైన తాడు పట్టుకునేది బామ్మర్ది. ఎవరు పట్టుకోవాలో దిగేవాడు చెప్తాడు. ప్రాణం ఆయనది కాబట్టి.

ఆ వాక్యం చదివి నేను చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభను అడగాలి అని చెప్పిన మాటే అది. చట్టంలో పేజీలు పేజీలుంది. పిల్లవాడు ఒక్క వరసలో రాశాడు. దిగేది మనం. తాడు ఎవరి చేతిలో ఉండాలో మనల్ని అడగాలి.

ఒక జాగ్రత్త కూడా చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. ఈమధ్య మన సభల్లో, మన పూర్వీకులకు అంతా తెలుసు, సైన్సు మనకు అక్కరలేదు అనే మాట వినపడుతున్నది. అది మనల్ని మనం మోసం చేసుకోవడం. మన పెద్దలకు చెట్టూచేమ తెలుసు, వాన జాడ తెలుసు. కానీ పాము కరిస్తే మంత్రం వేయించుకుని పోయిన ప్రాణాలు మన తండాల్లోనే ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. మన తెలివినీ అడగాలి, సైన్సునూ అడగాలి. హైమండార్ఫ్‌ను ప్రశ్నించిన పిల్లవాడే వాళ్ల తాతనూ ప్రశ్నించగలగాలి.

ఎట్లా చేయాలి

మాస్టర్లు అడుగుతారు, సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది అని. నేను వారానికి ఒక్క పీరియడ్ తీసుకునేవాణ్ని. పుస్తకం మొత్తం చదవనక్కరలేదు. పది పేజీలు చాలు. పాఠ్యపుస్తకం తేలిన ఫలితం చెప్తుంది. ఉన్నమాట పుస్తకం ఆ ఫలితం దాకా నడిచిన మనిషిని చూపిస్తుంది. ఆయన తడబాటు, పక్కవాడితో తగాదా, మధ్యలో నష్టపోయిన మనిషి, అన్నీ కనపడతాయి. అందుకే నీతి ప్రశ్న అక్కడ తనంతట తానే వస్తుంది. మనం వేరే నీతిబోధ చేయనక్కరలేదు.

చదివాక నాలుగు ప్రశ్నలు అడిగేవాణ్ని. ఈ మాట చెప్తున్నది ఎవరు? ఆయనకు ఎట్లా తెలిసింది, కొలిచాడా, చూశాడా, విన్నాడా? ఎవరికి లాభం, ఎవరికి నష్టం? ఎవరిని అడగకుండా వదిలేశారు? నాలుగోది మన పిల్లలకు ఎవరూ నేర్పాల్సిన పనిలేదు. అడగకుండా వదిలేసినవాళ్ల ఇళ్లలోనే పుట్టారు.

తెలుగులో ఇట్లాంటి పుస్తకాలు లేవు అనే మాట పూర్తిగా నిజం కాదు. మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్ లాంటివాళ్లు తేట తెలుగులో సైన్సు రాసిపెట్టి పోయారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన ‘వైద్యుడు లేనిచోట’ ప్రతి తండాలో ఒక కాపీ ఉండదగింది. జన విజ్ఞాన వేదిక వాళ్ల ‘చెకుముకి’ పిల్లల సైన్సు పత్రిక ఉంది. కానీ మన తండా పిల్ల చేతికి ఇవి చేరవు. బడి లైబ్రరీ బీరువాకు తాళం, తాళంచెవి హెడ్మాస్టరు జేబులో. పుస్తకం చిరిగితే ఎవరు కడతారు అని భయం. చిరగనివ్వండి. చదివితేనే చిరుగుతుంది.

సంఘాన్ని అడిగేది మూడు పనులు. మొదటిది, ప్రతి తండాకు, పెంటకు ఒక పెట్టె పుస్తకాలు. తాళం లేని పెట్టె. పట్నాల్లో, విదేశాల్లో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు ఈ సంచికను ఫోన్లలో చదువుతారు. ఒక్కొక్కరు ఒక పెట్టె ఖర్చు పెట్టుకోండి. రెండోది, చదువుకున్నవాళ్లు నెలకొకసారి వచ్చి పది పేజీలు గట్టిగా చదివి, లంబాడీలోనో, చెంచు యాసలోనో, ఎరుకల మాటలోనో విడమర్చి చెప్పండి. మా తండాలో ఇట్లా చెప్తే ముసలి యాడీలు కూడా వచ్చి కూర్చునేవాళ్లు. మూడోది, పిల్లల చేత రాయించండి. మీ తండా చుట్టూ ఉన్న చెట్ల పేర్లు, వాన లెక్క, బావి లోతు, పోయినేడు ఏ మందు ఎన్నిసార్లు కొట్టారో ఆ లెక్క. హైమండార్ఫ్ వచ్చి రాసేదాకా మళ్లీ ఆగొద్దు.

చివరగా ఒక్క మాట చెప్పి కూర్చుంటాను. మొన్న ఆత్మకూరు సంతలో ఒకామె “సార్, గుర్తుపట్టిండ్రా” అని ఆపింది. చూస్తే ఆ పత్తి పువ్వు పిల్ల. పదో తరగతితోనే చదువు ఆగింది. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. పెద్దది ఏడో తరగతి, పక్కనే నిలబడి ఉంది. “దీన్ని క్రాసింగ్‌కు పంపుతలేను సార్” అన్నది ముందుగా. నేను అడగకముందే అన్నది. ఆ తర్వాత, “పక్షులు చచ్చిపోయిన ఆ పుస్తకం దీనికి ఇప్పిస్తరా? నేను చెప్పిన గని సగం యాది లేదు” అని అడిగింది.

అప్పట్లో దాని పేరుకు ఎదురుగా నేను రిజిస్టరులో రెండు నెలలు ఎర్ర సిరాతో సున్నాలు చుట్టాను. అది మాత్రం ఆ పాఠాన్ని ఇన్నేళ్లు కొంగున కట్టుకుని కూతురిదాకా తెచ్చింది. నా దగ్గర ఇవ్వడానికి పసుపెక్కిన నా చేతిరాత కాగితాలు మాత్రమే ఉన్నాయి. వాటిని జిరాక్సు తీయించి పంపాను. ఇరవై ఏళ్లు మాస్టరుగా ఉండి ఒక తల్లి అడిగితే ఆ పిల్ల చేతిలో ఒక పుస్తకం పెట్టలేకపోయాను. వచ్చే ఏడు మనం ఇదే రోజున ఇక్కడ కలిసేనాటికి ఆ పెట్టె ఆ తండాకు చేరి ఉండాలి. మొదటి పెట్టె ఖర్చు నాది.